దోమతెర లాంటి గుడ్డ మీద బొమ్మలు

జూలీ మెరెటు అనే చిత్రకారిణి బొమ్మలు చూడ్డానికి వెనిస్ వెళ్లాను. అక్కడ గది దొరకడం కష్టం, దొరికినా ఆ అద్దె కట్టలేం. అందుకే నాలాంటివాళ్లు ఎదుటి ఒడ్డునున్న మెస్త్రెలో దిగుతారు. అక్కణ్ణుంచి వెనిస్‌లోని శాంతా లుచియా స్టేషన్‌కి రైల్లో పది పన్నెండు నిమిషాలు, టికెట్టు రెండు యూరోల్లోపే. అసలు దెబ్బ స్టేషన్ మెట్లు దిగాక తగులుతుంది. మన సిటీ బస్సు లాంటి పడవ, వాపొరెట్టో, ఒక్కసారి ఎక్కితే తొమ్మిదిన్నర యూరోలు. 75 నిమిషాలు దాటితే మళ్లీ కొత్త టికెట్టు.

నేను వెళ్లింది 2024 జూన్‌లో, శనివారం. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల నుంచి 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం ఆ ఏడాదే మొదలైంది. ఎంపిక చేసిన రోజుల్లో, ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా. మెస్త్రె కూడా వెనిస్ మునిసిపాలిటీలోదే కాబట్టి అక్కడ హోటల్లో ఉన్నవాళ్లు కట్టక్కర్లేదు. కానీ కట్టక్కర్లేదని చూపించుకోవడానికి ఆన్‌లైన్‌లో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి. ఇంతకీ రెండేళ్లకోసారి వెనిస్‌లో జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన, బియెన్నాలేకి ఆ ఏడు పెట్టిన పేరు 'స్ట్రానియేరి ఓవుంక్వే'. ఎక్కడ చూసినా పరాయివాళ్లే అని అర్థం. పేరు బాగానే పెట్టారనుకున్నాను.

పడవ డబ్బులు మిగలాలంటే స్టేషన్ నుంచి శాన్ తొమా రేవు దాకా నడవండి. అక్కడ ట్రగెట్టో ఉంటుంది. గొండోలా లాంటిదే, కాకపోతే పాటలూ దిండ్లూ ఉండవు; కాలువ అడ్డంగా దాటించి వదిలేస్తుంది, రెండు యూరోలు. దిగి కాస్త నడిస్తే పలాజ్జో గ్రాసి. 18వ శతాబ్దపు భవనం, ఇప్పుడు కళల మ్యూజియం; లోపలి మార్పులు జపాన్ వాస్తుశిల్పి తడావో ఆండో చేసినవి. నేను చూడొచ్చిన మెరెటు బొమ్మలు అప్పుడు ఉన్నది ఇక్కడే.

మెరెటు 1970లో అడిస్ అబాబాలో పుట్టింది. ఇథియోపియాలో పరిస్థితులు చెడి 1977లో కుటుంబం అమెరికా చేరింది. వలస గురించిన బొమ్మలనగానే మూటలు నెత్తిన పెట్టుకున్న మనుషుల్ని ఊహించుకుని వెళ్తే నిరాశే. ఒక్క మనిషీ కనబడడు. ఆమె పాత పద్ధతి ఇదీ: విమానాశ్రయాలు, స్టేడియాలు, ప్రభుత్వ భవనాల నక్షాల్ని కాన్వాస్ మీదికి ప్రొజెక్టర్‌తో వేసి సిరాతో గీస్తుంది. ఆ గీతల మీద పారదర్శకమైన యాక్రిలిక్ పూత. ఆరాక ఉప్పుకాగితంతో అద్దంలా నునుపు చేసి, ఆ పైన ఇంకో నక్షా, ఇంకో పూత. పూత పూర్తిగా ఆరకముందే రుద్దితే ఉప్పుకాగితానికి జిగురు పట్టి ఉపరితలం చిరుగుతుంది. ఎక్కువ రుద్దితే కింది గీత లేచిపోతుంది. ఇలా పొరలు పేరుస్తూ పోతే ఏ భవనం ఏ ఊరిదో చెప్పలేం. గోడ మీద ఏళ్ల తరబడి సినిమా పోస్టర్లు అంటించి, చింపి, మళ్లీ అంటించినచోట ఒక హీరో కన్ను, ఇంకో హీరో మీసం కలిసిపోయి కనిపిస్తాయే, అలాంటి చిక్కుముడి. విమానాశ్రయాల నక్షాలతో చేసిన 'రెటోపిస్టిక్స్' 2001 నాటిది.

ఆ తర్వాత నక్షాలు పోయి వార్తాఫోటోలు వచ్చాయి. అల్లర్లు, మంటలు, శరణార్థుల శిబిరాలు. ఫోటోని కంప్యూటర్‌లో గుర్తుపట్టలేనంతగా మసకబార్చి, ఆ రంగుల్ని ఎయిర్‌బ్రష్‌తో కాన్వాస్ మీద చల్లి, ఆ మసక మీద సిరా గీతలు వేస్తుంది. 2018 నాటి 'హినేని'లో కాలిఫోర్నియా కార్చిచ్చు ఫోటోలూ, రోహింగ్యా ఊళ్లు తగలబడుతున్న ఫోటోలూ అడుగున ఉన్నాయి. ఈ సంగతి తెలియకుండా చూస్తే నారింజ రంగు పొగమంచే.

నన్ను కట్టిపడేసినవి మాత్రం 'ట్రాన్స్‌పెయింటింగ్స్'. వీటికి కాన్వాస్ లేదు. ఒంటిపోగు పాలియెస్టర్ జాలీ గుడ్డ మీద సిరా, యాక్రిలిక్. పెళ్లిపత్రికలు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో చెక్క ఫ్రేముకి బిగించి ఉంటుందే, ఆ జాతి గుడ్డే. వీటిని గోడకి తగిలించలేదు. శిల్పి నైరీ బగ్రమియన్ చేసిన అల్యూమినియం పట్టుల్లో గది మధ్య నిలబెట్టారు. పల్చగా చల్లినచోట వెలుగు గుడ్డలోంచి వస్తుంది, అక్కడ రంగు వెలుగుతుంది. సిరా దట్టంగా పడినచోట కన్నాలు మూసుకుపోయి, వెనక కిటికీ ఉంటే అదే గీత బొగ్గులా నల్లగా కనబడుతుంది. కాన్వాస్‌లాగా రుద్ది సరిదిద్దుకునే వీలు ఈ గుడ్డకి లేదు.

చూసే పద్ధతి చెబుతాను. ముందు ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడండి, మసక మాత్రమే అందుతుంది. మూరెడు దూరానికి వస్తే మసక పోయి గీతలు మిగులుతాయి. తర్వాత తప్పకుండా బొమ్మ వెనకవైపుకి వెళ్లండి. అక్కడ అదే బొమ్మ ఎడమా కుడీ తారుమారై ఉంటుంది. ఫోన్ తీయడం దండగ. కెమెరా జాలీని పట్టుకోవాలా, జాలీ వెనక గదిని పట్టుకోవాలా తేల్చుకోలేక తడుముకుంటుంది. చాలామంది ఎదురుగా నిలబడి సెల్ఫీ తీసుకుని పోతున్నారు. అటువైపు ఎవరో నడుస్తుంటే వాళ్ల నీడ బొమ్మ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సాగి మాయమవుతోంది. తిట్టుకుందామనుకున్నవాణ్ణి, తర్వాతి నీడ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

మర్నాడు అర్సెనాలే, బియెన్నాలే ప్రదర్శన ఉన్న పాత ఓడల కార్ఖానా. మొదటి గదిలోనే మటాహో కలెక్టివ్ అనే మావోరీ మహిళల బృందం లారీ లోడు బిగించే పట్టీలతో, స్టీలు బకిల్స్‌తో పైకప్పంతా అల్లిన చాప. ఆ తర్వాత చాలా గదులు కాళ్లీడ్చుకుంటూ దాటేశాను. ఆగింది బూష్రా ఖలీలీ అనే కళాకారిణి వీడియోల దగ్గర: ఎనిమిది తెరలు, ఒక్కోదాంట్లో ఒక మ్యాపు, మార్కర్ పట్టుకున్న ఒక చెయ్యి. ముఖం కనబడదు. ఎక్కడ బయల్దేరాను, ఎక్కడ ఆగాను, ఎక్కడ పట్టుబడ్డాను అని ఆ వలస మనిషి గొంతు చెబుతుంటే మార్కర్ సముద్రం మీదుగా గీస్తూ పోతుంది. గల్ఫ్ ఏజెంటు చేతిలో మోసపోయి వచ్చినవాళ్లు మనూళ్లో కథ చెప్పేదీ ఇలాగే, ఏడుపు లేకుండా, ఊళ్ల పేర్లు వరసగా. కూర్చోవడానికి బల్లలు వేశారు.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట: బియెన్నాలేకి సోమవారం సెలవు, పలాజ్జో గ్రాసికి మంగళవారం. వారం మొదట్లో రెండు రోజులకి టికెట్లు కొనుక్కుంటే రోజుకొకటి మూసి ఉంటుంది. మెరెటు ప్రదర్శన 2025 జనవరి 6తో అయిపోయింది, ఆ జాలీ బొమ్మలూ పెట్టెలకెక్కి వెళ్లిపోయాయి.