పదమూడున్నర గంటల దీపం

థామస్ ఆల్వా ఎడిసన్ 1879 అక్టోబరులో వెలిగించిన దీపం 40 గంటలపాటు ఆరకుండా వెలిగిందని, సహాయకులంతా దాని చుట్టూ కూర్చుని కంటిమీద కునుకు లేకుండా కనిపెట్టుకుని ఉన్నారని పిల్లల పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాము. ఆ రోజుల్లో మెన్లో పార్క్ ప్రయోగశాలలో రాసుకున్న నోటుబుక్కును ఇప్పుడు నల్లగొండలో కూర్చుని కంప్యూటర్‌లో తెరిచి చూడవచ్చు. మామూలు కుట్టుదారాన్ని కాల్చి, బొగ్గు తీగగా మార్చి, ఆ దీపాన్ని రాత్రి ఒంటిగంటన్నరకు బ్యాటరీకి కలిపినట్లు అందులో ఉంది. మధ్యాహ్నం మూడు గంటల వరకు, అంటే 13న్నర గంటలు, అది వెలిగింది. ఆ తరువాత కరెంటు పెంచి వెలుగు ఎక్కువ చేస్తే ఇంకొక గంటకు గాజు పగిలి దీపం ఆరిపోయింది. 40 గంటల మాట ఏళ్లు గడిచాక జ్ఞాపకాల్లోంచి వచ్చి చేరినది. 1929లో కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ అమెరికాలోని డియర్‌బోర్న్‌లో దీపానికి స్వర్ణోత్సవం చేసేనాటికి ఆ కథ బాగా స్థిరపడిపోయింది.

ఈ తేడా వల్ల ఎడిసన్ గొప్పతనానికి కొరత ఏమీ లేదని నా అభిప్రాయం. పైగా అసలు కృషి ఏమిటో నోటుబుక్కు చదివితేనే తెలుస్తుంది. దారం తరువాత కొద్ది వారాల్లోనే వాళ్లు కాల్చిన అట్టముక్కల వైపు వెళ్లారు, డిసెంబరు 31న ప్రజలను పిలిచి దీపాలు చూపించారు, 1880లో వెదురు పట్టుకున్నారు. వెదురు తీగ వెయ్యి గంటలు దాటి నిలిచింది. మంచి వెదురు కోసం మనుషులను దేశదేశాలకు పంపారు కూడా. 1888లో జేమ్స్ రికాల్టన్ అనే బడిపంతులు ఆ పని మీదనే సింహళం, భారతదేశం, బర్మా తిరిగాడు. ఒక్క రాత్రిలో జరిగిన అద్భుతంగా చెప్పుకునే కథలో ఈ ఓర్పుకు చోటు ఉండదు.

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం చేనేత సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేశాను. చిట్టా, ఖాతా పుస్తకం, నిల్వల రిజిస్టరు, రశీదు పుస్తకాల మధ్యనే జీవితం గడిచింది కాబట్టి ఎడిసన్ కాగితాల్లో నన్ను ముందుగా పట్టుకున్నవి ఆవిష్కరణల బొమ్మలు కావు, వ్యాపార పత్రాలు. న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో ఆయన 1887లో కట్టిన ప్రయోగశాల ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. అక్కడ నిల్వ ఉన్న కాగితాలు దాదాపు 50 లక్షల పేజీలు. రట్గర్స్ విశ్వవిద్యాలయం 1978లో వాటిని వడపోసి, ఎంచి, ప్రచురించే పని మొదలుపెట్టింది. మొదట మైక్రోఫిల్మ్ తీశారు, 1989 నుంచి సంపుటాలు అచ్చువేస్తున్నారు, ఆ తరువాత డిజిటల్ రూపంలోకి తెచ్చారు. ఇప్పుడు లక్షన్నరకు పైగా పత్రాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ప్రతి పత్రానికి ఒక గుర్తు, తేదీ, రాసినవారి పేరు, అందుకున్నవారి పేరు ఉంటాయి. నా దృష్టిలో స్కానింగ్ కంటే ఇదే పెద్ద పని, ఎందుకంటే బొమ్మ తీయడం యంత్రం చేస్తుంది గానీ, ఈ ఉత్తరం ఎవరిది, దేనికి జవాబు అన్నది మనిషి కూర్చుని చదివితే తప్ప తేలదు.

ఆ ఉత్తరాల నకళ్లను దగ్గరగా చూడండి. కార్బన్ కాగితం ఇంకా అంతగా వాడుకలోకి రాని కాలంలో, సిరాతో రాసిన ఉత్తరాన్ని తడిపిన పలుచని టిష్యూ కాగితానికి ఆనించి, ఇనుప ప్రెస్సులో పెట్టి నొక్కేవారు. సిరా టిష్యూలోకి ఇంకి, నకలు వెనుకవైపు నుంచి చదువుకునేటట్లు తయారయ్యేది. అలాంటి వందల పేజీల పుస్తకాల్లో కొన్నిచోట్ల సిరా పాకిపోయి అక్షరం అలుక్కుపోయింది, కొన్నిచోట్ల వెలిసిపోయి నీడలాగా మిగిలింది. అప్పు తీర్చమని వచ్చిన ఉత్తరానికి జవాబు, పాదరసం, రాగితీగ పంపమని ఇచ్చిన ఆర్డరు, జీతం లెక్క, ఇవన్నీ అందులో వరుసగా ఉంటాయి. ఆ రోజు గుమస్తా అవసరం కొద్దీ దాచాడు, అంతే. 1914 డిసెంబరు 9 సాయంత్రం వెస్ట్ ఆరెంజ్ కార్ఖానాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి అనేక భవనాలు కాలిపోయినా ప్రయోగశాల భవనం మిగిలింది కాబట్టి మనకు ఈ అదృష్టం దక్కింది.

ఛాయాచిత్రాలకు వస్తే, 1888 జూన్ 16 తెల్లవారుజామున తీసిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. మెరుగుపరచిన ఫోనోగ్రాఫు, అంటే ధ్వనిని పట్టి తిరిగి వినిపించే యంత్రం, పక్కన ఎడిసన్ తలకు చేయి ఆనించుకుని, చెదిరిన జుట్టుతో, అలసిన కళ్లతో కూర్చుని ఉంటాడు. మూడు రోజులు నిద్రలేకుండా పనిచేసిన మేధావి అని దాని కింద రాస్తారు. ఆ బొమ్మను తరువాత యంత్రాల ప్రకటనలకు కూడా వాడుకున్నారు. ఆ నెల వ్యాపార పత్రాలను పక్కన పెట్టుకుని చూస్తే ఆ అలసటకు ఇంకొక కారణం కనబడుతుంది. గ్రాఫోఫోన్ అనే పోటీ యంత్రం అప్పటికే బజారులోకి వచ్చింది, దాని అమ్మకపు హక్కులు జెస్సీ లిపిన్‌కాట్ అనే వ్యాపారి చేతిలో ఉన్నాయి, ఆ నెలాఖరుకే అతడు ఎడిసన్ ఫోనోగ్రాఫు హక్కులకు కూడా 5 లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఫొటో అబద్ధం చెప్పలేదు. అయితే అది చెప్పిన దానిలో సగం మాత్రమే మనకు అర్థమైంది, మిగతా సగం ఖాతాల్లో ఉంది. అందుకే ఫొటోలను ఒకచోట, లెక్కలను ఇంకొకచోట దాచే పద్ధతి నాకు నచ్చదు. రెండూ ఒకే గూటిలో, ఒకే తేదీ కింద దొరకాలి.

ఫోనోగ్రాఫు విషయంలోనే ఇంకొక నిదర్శనం ఉంది. ఎడిసన్ దగ్గర యంత్రాలు తయారుచేసే జాన్ క్రూసీకి “క్రూసీ, దీన్ని తయారుచెయ్యి” అన్న ఆదేశంతో, 1877 ఆగస్టు 12 తేదీతో ఒక బొమ్మ చాలాకాలం ప్రసిద్ధంగా ఉండేది. ఆ తేదీ, ఆ వాక్యం చాలా ఏళ్ల తరువాత చేర్చినవని చరిత్రకారులు తేల్చారు. ఎలా తేల్చారంటే, ఆ నెలల్లో ఏ రోజు ఏ పని జరిగిందో చూపించే మామూలు కాగితాలు మిగిలి ఉన్నాయి. క్రూసీ ఆ యంత్రాన్ని నిజంగా తయారుచేసింది డిసెంబరు మొదటి వారంలో, దాని బొమ్మ నవంబరు 29 నాటిది.

ఇదంతా చదువుతున్నప్పుడు నా మనసు మాటిమాటికీ ఆలేరు వైపు పోయింది. మన పాత నల్లగొండ జిల్లాలో ఆలేరు దగ్గరి శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు. ఆసు పోయడం అంటే ఏమిటో చూడని వారికి చెబుతాను. ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస ఉంటాయి. మగ్గం ఎక్కకముందు చిటికి కట్టడానికి, అంటే నూలును అక్కడక్కడ ముడివేసి రంగు అద్దడానికి, ఆ నూలును ఆ మేకు నుంచి ఈ మేకులకు, ఈ మేకుల నుంచి ఆ మేకుకు చేత్తో తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోసే తల్లుల భుజాలు, మోచేతులు ఏమవుతాయో మా ప్రాంతంలో ప్రతి చేనేత ఇంటికీ తెలుసు. తల్లి లక్ష్మి గారి బాధ చూసి మల్లేశం గారు 1992లో పని మొదలుపెట్టి 1999లో యంత్రాన్ని పూర్తిచేశారు, దానికి తల్లి పేరే పెట్టారు. చీర ఆసు గంటన్నరలో అయిపోతున్నది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథ మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది, అందుకు సంతోషం. నా ఆరాటం కథ చుట్టూ ఉన్న కాగితాల గురించి. ఆ ఏడేళ్లలో కొన్న మోటార్ల, గేర్ల బిల్లులు, చెక్కతో చేసి పక్కన పడేసిన తొలి నమూనాల ఫొటోలు, అప్పు తెచ్చిన చీటీలు, మొదటి యంత్రాలు కొనుక్కున్న ఇళ్ల జాబితా, ఏ ఊళ్లో ఏ సంవత్సరం యంత్రం చేరిందో చెప్పే రశీదులు, ఇవన్నీ ఒక్కచోట చేరితే పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఇళ్లలో ఆడవాళ్ల శ్రమ ఎప్పుడు ఎంత తగ్గిందో రాసి చూపించవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, నేత గురించి పుస్తకాలు ఉన్నాయి, ఆసు గురించిన లెక్క మాత్రం నాకు తెలిసి ఎక్కడా కూడబెట్టలేదు. నేను తనిఖీ చేసిన కూలి రిజిస్టర్లలో ఆసు పోసిన ఆమె పేరు ఉండేది కాదు. చీర కూలి అంతా మగ్గం మీద కూర్చున్న మనిషి పేరున పడేది, ఆమె శ్రమ అందులో కలిసిపోయేది. ఎడిసన్ కాగితాల్లో ఆయన సహాయకులు బ్యాచిలర్, అప్టన్, క్రూసీ పేర్లు నిలిచాయి, ఎందుకంటే వాళ్లు నోటుబుక్కుల్లో తేదీ వేసి సంతకం చేశారు, వాళ్ల పని గంటలు లెక్కల్లో పడ్డాయి. మన ఆసు తల్లుల పేర్లు దొరకాలంటే యంత్రాల రశీదుల్లో, ఫొటోల వెనుక రాతల్లో వెతుక్కోవలసి ఉంటుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఒక సంఘం కార్యాలయం కొత్త గదికి మారినప్పుడు, ఎర్రగుడ్డలో కట్టిన పాత రిజిస్టర్లను కిలోల లెక్కన పాతసామాన్ల వానికి అమ్మేశారు. ముప్పై ఏళ్ల రంగుల ధరలు, నూలు నంబర్లు, సభ్యుల వేలిముద్రలు అందులో పోయాయి. వరద, చెదలు కూడా ఇదే పని చేస్తాయి. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అపురూపమైన పాత పుస్తకాలు తడిసిపోయిన సంగతి పుస్తకప్రియులు మరచిపోలేదు.

మీ ఇంట్లో, మీ సంఘంలో ఇటువంటివి ఉంటే ముందుగా ఫొటోల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సుమారు సంవత్సరం రాయండి, బాల్‌పెన్ను వాడవద్దు. ఆ పేర్లు చెప్పగల పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఈ పని చేయాలి. బంకపేజీల ఆల్బముల్లో ఉన్న ఫొటోలను బలవంతంగా పీకకుండా పేజీ మొత్తాన్ని స్కాన్ చేయండి. ఇటీవలి దుకాణాల బిల్లులు వేడితో అచ్చయ్యే కాగితం మీద ఉంటాయి కాబట్టి కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి, వాటిని అన్నిటికంటే ముందు తీయండి. స్కానర్‌లో రిజిస్టర్లకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), ఫొటోలకు 600 డీపీఐ సరిపోతుంది. బొమ్మలను మూడు ప్రతులుగా దాచి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. ఫైలు పేరులో సంవత్సరం ముందు, ఊరి పేరు తరువాత రావాలి. స్కాన్ అయిపోయింది గదా అని అసలు కాగితాన్ని పారేయవద్దు, కాటన్ గుడ్డలో చుట్టి నేలకు ఎత్తుగా, గోడకు దూరంగా పెట్టండి. లెక్కల పుస్తకాల పాత పద్దులు చదవడం రాకపోతే నాకు చూపించండి, నల్లగొండలోనే ఉంటాను, కూర్చుని చదివి పెడతాను.