బడిలో బుద్ధిమంతుడు, ఇంట్లో పేచీ: వాళ్లమ్మకు ఏ పూట సాయం కావాలి?

"స్కూల్లో బానే ఉంటాడటగా, నీ దగ్గరే ఎందుకిలా?" ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లాడి తల్లి చుట్టాల నోట తరచూ వినే మాట ఇది. పిల్లాడు మాత్ర వాడుతుంటే, జవాబు చాలాసార్లు పెంపకంలో కాదు, ఆ మాత్ర వేసిన టైములో ఉంటుంది. ఏడీహెచ్‌డీకి తరచూ ఇచ్చే మందు మిథైల్‌ఫెనిడేట్. మామూలు రకం పనిచేసేది దాదాపు 4 గంటలు. లాంగ్ యాక్టింగ్ రకాలైతే, అంటే మెల్లగా విడుదలయ్యేవైతే, 8 నుంచి 12. పొద్దున వేసిన లాంగ్ యాక్టింగ్ మాత్ర బడి అయ్యేదాకా పనికొస్తుంది, హోంవర్కు వేళకి దిగిపోతుంది. దిగేటప్పుడు కొందరు పిల్లల్లో చిరాకు, ఏడుపు రెట్టింపవుతాయి. మంచి పూటంతా టీచరుకి, మిగిలింది అమ్మకి!

అందుకే సాయం చేద్దామనుకునేవాళ్లు సాయంత్రం రండి. బడినుంచి రాగానే ఏదైనా తినిపించి, అరగంట సైకిలు తొక్కించండి. తర్వాత హోంవర్కుకి తల్లి బదులు మీరు కూర్చోండి. "లెక్కలు చెయ్" అంటే పని జరగదు. "బ్యాగులోంచి లెక్కల పుస్తకం తియ్" అనండి, తీశాక రెండో మాట. చేస్తున్న లెక్క తప్ప మిగతా పేజీని తెల్లకాగితంతో కప్పండి. పది నిమిషాలు పని, మూడు నిమిషాలు లేచి తిరగడం. ఆ గంటా తల్లి ఇంట్లో లేకపోతేనే మేలు. వంటింట్లోకి పంపడాన్ని విశ్రాంతి అనరు.

చిరాకు ఎన్నింటికి మొదలై ఎప్పుడు తగ్గుతోందో, మాత్ర ఎన్నింటికి వేశారో, రాత్రి ఎప్పుడు నిద్రపోయాడో ఓ వారం రాసి డాక్టరుకి చూపిస్తే మోతాదో, మందు రకమో మార్చే వీలుంటుంది. సాయంత్రం సొంతంగా ఇంకో అర మాత్ర వేస్తే మాత్రం నిద్ర చెడొచ్చు. లాంగ్ యాక్టింగ్ మాత్రని విరవడం, నూరడం అసలే వద్దు.

లంచ్ బాక్సు అలాగే తిరిగొస్తే అమ్మమ్మలు కంగారు పడతారు. ఈ మందుతో ఆకలి తగ్గడం మామూలే. టిఫిన్ పెట్టాకే మాత్ర వేసి, రాత్రి ఆకలి తిరిగొచ్చాక కడుపునిండా పెట్టండి. బరువు తగ్గుతుంటే డాక్టరుకి చెప్పాలి.

తండ్రో బాబాయో నెత్తిన వేసుకోవాల్సిన పని ఇంకోటుంది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్నది, ప్రతి షాపులోనూ దొరకదు. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్లే ఉంచుకుంటారు. మాత్రలు అయిపోవడానికి వారం ముందే బయల్దేరండి.

తల్లికే నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.