కళ్లల్లో చుక్కలు వేయించుకుని పార్కుకు వెళ్లాం

అత్తమ్మను కంటి పరీక్షకు హన్మకొండ తీసుకొచ్చాం ఈరోజు. కళ్లల్లో చుక్కలు వేశారు, కూర్చోబెట్టారు, మళ్లీ వేశారు, చివరికి అన్నీ చూసి రిపోర్టు నాలుగు దాటాక ఇస్తామన్నారు. ఆ చుక్కలతో కంటిపాప పెద్దదైపోయి వెలుగు అస్సలు ఓర్చుకోలేరు, దగ్గరివన్నీ మసక మసగ్గా ఉంటాయి, మామూలు కావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఇంటికి పోయి మళ్లీ రావడం ఎందుకని పక్కనే ఉన్న పార్కుకు నడిపించుకెళ్లాను. నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉన్న పబ్లిక్ గార్డెన్ కాదు, ఇది చిన్నది, ఈమధ్యే బాగుచేశారు.

గేటు దాటగానే లాన్. చూడ్డానికి బ్రహ్మాండం, ఫొటోలకు అందరూ అక్కడే ఆగుతారు. చుట్టూ దురంతా అనే మొక్కల కంచె, స్కేలు పెట్టి కోసినంత సమంగా, నడుమ నూరు వరహాలు చెట్లను కూడా గుండ్రంగా కత్తిరించి పెట్టారు, అంచు వెంబడి నిలువుగా పెరిగే అశోక చెట్లు. వానలు నాలుగు రోజులుగా వెనకబట్టాయి, భాద్రపదం ఎండ చురుక్కుమంటోంది, అత్తమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని "నీడేది బిడ్డా?" అంది. నిజమే, అంత ఖర్చుపెట్టిన చోట మనిషి నిలబడేంత నీడ లేదు. ఆ అశోక చెట్టు నీడ కూడా ఆ చెట్టంత సన్నగానే పడుతుంది. పైగా గడ్డి మీద నడవరాదని బోర్డు. బోర్డు సంగతి చెప్తే, "బర్లు మేయయి, మనుషులు నడవరు, మరి గిన్ని నీళ్లు ఎందుకు పోస్తుండ్రు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జనమంతా వెనక నిద్రగన్నేరు కింద ఉన్నారు. పార్కు కట్టకముందు నుంచీ ఉన్న చెట్టులా ఉంది, కొమ్మలు గొడుగులా పరుచుకుని గ్రూప్స్‌కు చదివే పిల్లలు, పల్లీలమ్మే ఆయన, నిద్రపోతున్న ఒక తాత, అందరికీ చోటిచ్చింది. కాసేపు కూర్చున్నాం. అత్తమ్మకు ఊరికే కూర్చోవడం రాదు, లేచి పక్కనున్న నక్షత్ర వనంలోకి నడిచింది.

అక్కడ అసలు సరదా. అశ్విని నుంచి రేవతి దాకా 27 నక్షత్రాలకు 27 చెట్లు, ఒక్కోదానికి ఒక్కో పలక. పలక మీద అక్షరాలు ఆమెకు ఎలాగూ కనిపించడం లేదు. ఆకు తెంపి నలిపి వాసన చూసి పేరు చెప్పేస్తోంది, నేను పలక చదివి సరిచూస్తున్నాను. నేరేడు (రోహిణి), వేప (ఉత్తరాభాద్ర), వెలగ (విశాఖ), విప్ప (రేవతి), ఒక్కటీ తప్పు పోలేదు. మేడి దగ్గర ఆకు వాసన కూడా చూడలేదు, మాను తడిమి చెప్పింది. నాది అనూరాధ అని పొగడ చెట్టు దగ్గర నిలబడ్డాను. నీది ఏ నక్షత్రం అత్తమ్మా అంటే, "నా నచ్చెత్రం ఎవలు జూసిండ్రు, నేను పుట్టిన్నాడు నాట్లు పడుతున్నయంట, గంతే ఎరుక" అంది. మర్రి, రావి లాంటి మహావృక్షాలను ఇలా పది అడుగుల దూరంలో నాటితే రేపు అవి ఎక్కడికి పెరగాలో మాత్రం నాకు అర్థం కాలేదు. జాతకం కోసం వేసిన తోట, చెట్టు కోసం కాదు అనిపించింది.

దాని పక్కన మియావాకి అడవి. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకి వాళ్ల గుళ్ల చుట్టూ మిగిలిపోయిన పాత అడవులను చూసి ఈ పద్ధతి తయారుచేశాడు. ఆ నేలకు చెందిన రకరకాల మొక్కలను, చదరపు మీటరుకు మూడు నాలుగు చొప్పున కలిపి నాటేస్తారు. అవి వెలుతురు కోసం ఒకదాంతో ఒకటి పోటీపడి పైకి లేస్తాయి. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పోసి కలుపు తీస్తే చాలు, తర్వాత రాలిన ఆకులే ఎరువు, ఎవరూ ఊడవరు. వివరంగా చెప్పాను, విని "అడివిని గూడ నారు లెక్క నాటుతున్నరా" అని నవ్వింది. లోపలికి దారి లేదు. కానీ కంచె దగ్గర నిలబడితేనే చల్లగా తగులుతోంది, పిట్టల గోల మొత్తం అందులోనే. మనుషులు కూర్చోవడానికి పనికిరాని తోట, అయినా నాకు కోపం రాలేదు. లాన్ మీద వచ్చినంత కోపం రాలేదు అనాలి.

ప్రహరీ వెంబడి కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు ఇంకా ఉంది, తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే హరితహారంలో ఊరూరా నాటి తర్వాత వద్దన్నారే, అదే. దేశవాళీ మొక్కలే నాటాలని వాదించేవాళ్లతో నేను చాలావరకు ఏకీభవిస్తాను గానీ ఆ లెక్కన ఇందాకటి నిద్రగన్నేరు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. బంతి కూడా మెక్సికో వైపుదే, బంతి లేకుండా బతుకమ్మ పేర్చి చూడండి.

నీళ్ల ట్యాంకు వెనక ఏ ప్లానులోనూ లేని ఒక మూల ఉంది. అక్కడ మాలి పని చేసే ఆమె తన ఇష్టానికి బంతి, సీతజడ వేసుకుంది. గోడ పక్క బతుకమ్మకు పేర్చే గునుగు దానంతటదే మొలిచింది. అత్తమ్మకు తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించి ఉండదు, చేత్తో తడిమి గుర్తుపట్టి ఆగిపోయింది. మా ఊళ్లో పత్తి చేలల్లో గడ్డిమందు కొడుతున్నప్పటి నుంచి గునుగు కోసం పక్కూరి గట్లు తిరగాల్సి వస్తోందట. "పీకెయ్యుమని సార్లు చెప్పిండ్రు అవ్వా, పండుగ దాంక ఆగుండ్రని నేనే అన్న" అంది ఆ మాలి ఆమె. ఇద్దరూ ఇక నన్ను పట్టించుకోలేదు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి తంగేడు ఎక్కడ దొరుకుతుంది, కట్టకు ఎంత తీసుకుంటారు, పద్మాక్షమ్మ గుండం దగ్గర సద్దుల నాడు జనం ఎలా ఉంటారు, మాటలు అలా సాగుతూనే ఉన్నాయి.

ఆమె దగ్గరే ఇంకో విషయం తెలిసింది. ట్యాంకు వెనక దురంతా ఒకటి కత్తెర పడక ఏపుగా పెరిగి, ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడుతున్నాయి, పసుపు కాయలు కూడా. గేటు దగ్గరున్న కంచె కూడా ఇదేనా అంటే ఇదే అంది. ఎప్పటికప్పుడు కొసలు కత్తిరిస్తుంటే పూత ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్నేళ్లుగా దాన్ని ఆకుల మొక్క అనుకుంటున్నాను.

రిపోర్టులో శుక్లం అని వచ్చింది, ఆపరేషన్ చేయించమన్నారు. సద్దుల బతుకమ్మ అయినంకనే అని అత్తమ్మ తేల్చేసింది. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గేటు పక్క దురంతాను ఒక్క రెండు నెలలు కత్తిరించకుండా వదిలెయ్యమని వాచ్‌మన్‌ను అడిగాను. సెక్రటరీ సార్‌ను అడిగి చెప్తానన్నాడు.