మూన్ కుర్చీలో జోన్స్

నిన్న రాత్రి ఫ్రెండ్స్‌తో ‘క్వాడ్రోఫీనియా’ సినిమా మళ్ళీ చూశాను. అయిపోయాక మొదలైన వాదన ఒక పట్టాన తెగలేదు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ ‘ద హూ’ 1973లో తెచ్చిన డబుల్ ఆల్బమ్‌ని ఫ్రాంక్ రోడమ్ 1979లో సినిమాగా తీశాడు. పాటల్ని పక్కకి నెట్టి, 1964 నాటి బ్రిటన్ కుర్రకారులో స్కూటర్ల మీద సోకుగా తిరిగే మాడ్స్‌కీ, మోటార్‌బైకుల రాకర్స్‌కీ జరిగిన కొట్లాటల్ని ముందుకు తెచ్చాడని మావాడికి మంట. నాకు నచ్చింది అదే! హీరో జిమ్మీగా వేసిన ఫిల్ డేనియల్స్ మొహంలో ఆ ఉక్రోషం చూశాక జిమ్మీని ఇంకోలా ఊహించుకోలేను.

మనసు మెలిపెట్టేది మాత్రం ‘బెల్ బాయ్’ పాట. ఆల్బమ్‌లో హోటల్ కుర్రాడి మాటల్ని ముతక గొంతుతో పాడింది డ్రమ్మర్ కీత్ మూనే. 1978 సెప్టెంబరులో ఆయన పోయాడు. తెర మీద గాయకుడు స్టింగ్ ఆ హోటల్ కుర్రాడి యూనిఫాం వేసుకుని సామాన్లు మోస్తుంటే నాకు మూనే గుర్తొస్తాడు.

ఆయన కుర్చీలోకి కెనీ జోన్స్ వచ్చాడు. “బ్యాండ్ అక్కడితో ఆపేయాల్సింది రా” అన్నాడు మావాడు. నేనొప్పుకోను. మూన్ తాళం పట్టుకుని కూర్చునే రకం కాదు, పాడేవాళ్ళ గొంతు వెంటపడి వాయిస్తాడు. జోన్స్ నిలకడగా కొడతాడు. అది లోపమెలా అవుతుంది? పైగా స్మాల్ ఫేసెస్‌లో వాయించినవాడు, అసలు సిసలు మాడ్ బ్యాండ్ అది. సినిమా కోసం చేసిన కొత్త పాటల్లో ఆయన చెయ్యి చక్కగా కుదిరింది. ‘ద హూ’ 1981 నాటి ఆల్బమ్ ‘ఫేస్ డాన్సెస్’ నాకూ అంతగా ఎక్కదు. ఆ నేరం డ్రమ్స్ మీద వేస్తే మాత్రం ఊరుకోను.