నాలుగు నిమిషాల ఓవెన్

ఓవెన్ ఆన్ చేస్తాను, నాలుగు నిమిషాలు బుద్ధిగా వేడెక్కుతుంది, తర్వాత టప్‌మని చప్పుడు, ఇల్లంతా చీకటి. వారం రోజులు ఇదే తంతు. నేను చేసిన పని కూడా అందరూ చేసేదే, వెళ్లి స్విచ్ పైకి లేపడం, అది మళ్లీ పడిపోతే బోర్డును తిట్టుకోవడం, కాసేపాగి మళ్లీ లేపడం. ఐదారుసార్లు అయ్యాక గానీ, అసలు పడిపోతున్న స్విచ్ ఏది అని చూడాలనిపించలేదు.

చూస్తే వంటగది ఎంసీబీ, అంటే ఆ ఒక్క లైనుకే ఉండే చిన్న స్విచ్, నిక్షేపంగా పైనే ఉంది. పడుతున్నది మొత్తం ఇంటికి కలిపి ఉన్న ఆర్‌సీసీబీ, అంటే ‘టెస్ట్’ అని చిన్న బటన్ ఉండే వెడల్పాటి స్విచ్. ఈ రెండూ పడే కారణాలు వేరు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడేది ఎంసీబీ. 16 ఆంపియర్ల లైన్ మీద 2000 వాట్ల కెటిల్, 1500 వాట్ల ఓవెన్, ఇంకో 1000 వాట్లదేదో కలిపి పెడితే 230 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు అవుతుంది, అది వెంటనే కాకపోయినా కాసేపటికి పడిపోవచ్చు. ఆర్‌సీసీబీకి లోడుతో పని లేదు. వెళ్లిన కరెంటు అంతా తిరిగొచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. ఇళ్లలో మామూలుగా ఉండే రకమైతే తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరకముందే పడిపోవచ్చు. అంటే మా ఓవెన్‌లో కరెంటు ఎక్కడో బాడీకి లీకై, ఎర్త్ వైరు గుండా పోతుండొచ్చన్నమాట.

అయినా ఓవెన్‌దే తప్పని వెంటనే అనుకోకూడదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్ అన్నీ తలా కాస్త లీక్ చేస్తుంటాయి, అవన్నీ కలిసి అంచు దాకా వచ్చాక చివర్లో ఆన్ చేసిన దాని మీద నింద పడుతుంది. అందుకే మిగతా ప్లగ్గులన్నీ పీకి, ఓవెన్‌ను వేరే గదిలోని పెద్ద సాకెట్లో పెట్టాను. అక్కడా నాలుగు నిమిషాలే! ఇక దానిదే తప్పు. ఓవెన్‌లో వేడినిచ్చే రాడ్లు రెండు, పైనొకటి, కిందొకటి. పైన రాడ్ ఒక్కటే వేస్తే అరగంటైనా ఏమీ కాలేదు. కింద రాడ్ వేశాను, చీకటి.

ప్లగ్ పీకి, స్క్రూలు విప్పి, మల్టీమీటర్ తీశాను. 1500 వాట్ల రాడ్ కాబట్టి సుమారు 35 ఓమ్‌లు రావాలి, సరిగ్గా అంతే వచ్చింది. రాడ్ కొసకీ ఓవెన్ బాడీకీ మధ్య పెడితే మీటర్ ఏమీ చూపించలేదు, అంటే లీకు లేనట్టే. అంతా బాగుంటే మరి పడడమెందుకు? ఒక సాయంత్రమంతా నా బుర్ర తిన్న ప్రశ్న ఇది. జవాబు ఎలక్ట్రీషియన్ వచ్చి చెప్పాడు: ‘చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఏం తెలుస్తుందండీ?’ మల్టీమీటర్ పంపేది కొద్ది వోల్టులే, లీకు పట్టడానికి ఆయన తెచ్చిన మెగ్గర్ అనే మీటర్ 500 వోల్టులు పంపుతుంది. కింద రాడ్‌ను మూడు నిమిషాలు వేడెక్కించి, ప్లగ్ పీకి, వేడి మీదే కొలిచాడు. రాడ్‌కీ బాడీకీ మధ్య కనీసం 10 లక్షల ఓమ్‌లు ఉండాల్సిన చోట లక్ష కూడా లేదు.

రాడ్ లోపల సన్నటి తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన లోహపు గొట్టం ఉంటాయి. ఆ పొడే తీగను గొట్టానికి తగలకుండా ఆపేది, కానీ దానికి తేమంటే మహా ఇష్టం. గొట్టం కాస్త చిట్లినా, కొసన సీలు పోయినా తేమ లాగేసుకుంటుంది. చాలాకాలం వాడని ఓవెన్ తీయగానే పడిపోవడానికి కూడా తరచూ ఇదే కారణం.

మధ్యలో ఇద్దరు సలహాలిచ్చారు. ఒకరు ఎర్త్ పిన్ తీసేయమన్నారు. తీసేస్తే స్విచ్ పడదు, నిజమే, ఎందుకంటే ఆ కరెంటు ఓవెన్ బాడీ మీదే కూర్చుని మన చెయ్యి కోసం ఎదురుచూస్తుంది. ఇంకొకరు పెద్ద ఎంసీబీ వేయించమన్నారు, మా ఇంట్లో పడేది అది కాదు మొర్రో అన్నా వినలేదు. నిజంగా ఎంసీబీయే పడే ఇంట్లో ఆ పని చేస్తే, వైరు మాత్రం పాతదే కాబట్టి, ఈసారి మాడేది గోడలోపలి వైరే. మైక్రోవేవ్ అయితే మాత్రం నాలా స్క్రూలు విప్పకండి, ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జ్ మిగిలి ఉండొచ్చు.

కొత్త రాడ్ బిగించడానికి పదిహేను నిమిషాలు పట్టింది. పాతదాన్ని వెలుతురులో తిప్పి చూస్తే, వంపు దగ్గర వెంట్రుకంత గీత, దాని చుట్టూ తెల్లటి మరక. ‘వేడిగా ఉన్నప్పుడు తడిబట్టతో తుడిచారా?’ అని ఎలక్ట్రీషియన్ అడిగాడు. ఇంట్లోవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, నేను స్క్రూలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.