సెంట్రల్ పక్కన కరిగిపోయిన పార్కు

మా నెల్లూరోళ్లకి మద్రాసంటే ముందు సెంట్రల్ స్టేషనే. రైలు దిగి మెయిన్ రోడ్డు మీదికొచ్చి కుడిచేతి వైపు నడిస్తే వరసగా కనిపించే పాత కట్టడాల కథంతా ఒక పార్కు కథే. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెలియన్ జనం గాలి పీల్చుకోడానికని వేయించిన పీపుల్స్ పార్కు అది. 116 ఎకరాలు! చెరువులు, బ్యాండ్ స్టాండు, జూ అన్నీ ఉండేవి.

తర్వాత ఒక్కో ముక్కా కోసుకుంటూ పోయారు. విక్టోరియా పబ్లిక్ హాలు కొంత తీసుకుంది. ఎర్ర ఇటుకల ఆ హాలుకి 1883లో శంకుస్థాపన చేసింది మన విజయనగరం రాజా ఆనంద గజపతి. ఈ సంగతి మనోళ్లలోనే చాలామందికి తెలీదు. 1913లో తెల్లటి రిపన్ బిల్డింగు, అదే మద్రాసు కార్పొరేషన్ ఆఫీసు, లేచింది. నెహ్రూ స్టేడియం సరేసరి.

నాకు బాధనిపించేది మాత్రం ఆ పార్కు జాగాలోనే ఉండిన మూర్ మార్కెట్టు, పాత పుస్తకాలు దొరికే చోటు. మా నాయన అక్కడ కొన్న పాత మెషిన్ డ్రాయింగు పుస్తకం ఇంకా మా బీరువాలో ఉంది. లోపలి అట్ట మీద పాత ఓనర్ల పేర్లు కొట్టేసి, కింద ఊదా సిరాతో ఈయన సంతకం. "సగానికి అడగాల, ఇయ్యకపోతే నడిచిపోతా ఉండాల, వాడే పిలస్తాడు" అంటాడు. 1985లో మార్కెట్టు తగలబడింది. ఆ జాగాలో ఇప్పుడు లోకల్ రైళ్ల స్టేషను. జూ కూడా అదే ఏడు ఊరి శివార్లలోని వండలూరుకి పోయింది.

పీపుల్స్ పార్కులో మిగిలిన ముక్క మై లేడీస్ పార్కు. తిరుగు రైలుకి టైముంటే రిపన్ బిల్డింగు వెనక్కి నడిచి చూసి రండి. ఎండ దిగినాక పోండి, మధ్యాహ్నం మాత్రం వద్దు.