సోషల్ మాస్టారి యుద్ధం

మన టెన్త్ బ్యాచ్ సంచికకి ఏదో ఒకటి రాయమన్నారు. గోడ దూకి మ్యాట్నీకి పోవడం, హెడ్మాస్టారి బెత్తం, ఇంటర్వెల్లో పుల్లైసు, ఇవన్నీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. అందుకని నేను మన సోషల్ మాస్టారు చెప్పిన రెండో ప్రపంచ యుద్ధం గురించి రాస్తున్నాను. టెన్త్ పుస్తకంలో ఆ పాఠం నాలుగైదు పేజీలు. కారణాలు, తక్షణ కారణం, ఫలితాలు, అయిపోయింది. మాస్టారు మాత్రం దాన్ని దసరా సెలవులకి ముందు మొదలుపెట్టి సంక్రాంతి దాకా లాగారు. మధ్యలో లెక్కల మాస్టారి పీరియడ్లు కూడా అడిగి తీసుకునేవారు. మనకి అదే ఆనందం.

ఆయన చెప్పినదాంట్లో సగం ఇప్పటికీ నోటికొస్తుంది. మిగతా సగంతో నాకు పేచీ ఉంది, అది కూడా ఇక్కడే రాస్తాను.

పేచీ మొదటి క్లాసులోనే. అంతటికీ మూలం మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక రాసుకున్న వెర్సాయ్ సంధి అనేవారాయన. 1919 జూన్ 28న జర్మనీ చేత బలవంతంగా సంతకం పెట్టించారు, సైన్యం లక్ష దాటకూడదన్నారు, తప్పంతా నీదేనని 231వ అధికరణలో రాయించారు, 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం లెక్కగట్టారు, ఇక పగ పుట్టదా అని. 1923 నవంబరు నాటికి ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులైందని బోర్డు మీద సున్నాలు వేస్తుంటే బోర్డు చాలక గోడ మీదికి వెళ్లారు, గుర్తుందా? బాగానే ఉంది. కానీ 1928 ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి వచ్చినవి 2.6 శాతం ఓట్లు. వెర్సాయ్ అప్పుడూ ఉంది కదా! 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలి, జర్మనీలో 60 లక్షల మంది ఉద్యోగాలు పోయి రోడ్డున పడ్డాకే 1932 జులైలో 37 శాతం వచ్చాయి. 1933 జనవరి 30న అతన్ని ఛాన్సలర్‌ని చేసింది కూడా ఓటర్లు నేరుగా కాదు, ఇతన్ని మన చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చనుకున్న పెద్దమనుషులు. నన్నడిగితే అసలు పాపం వాళ్లది. ఈ మాట మాస్టారితో అనే వయసు వచ్చేసరికి ఆయన రిటైరై వెళ్లిపోయారు.

మ్యూనిక్ దగ్గర మాత్రం ఆయనతో వంద శాతం ఏకీభవిస్తాను. సైన్యం అడుగు పెట్టకూడదన్న రైన్‌లాండ్‌లోకి హిట్లర్ 1936లో సైన్యాన్ని పంపాడు, ఎవరూ ఏమీ అనలేదు. 1938 మార్చిలో ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు, అప్పుడూ అనలేదు. ఆ సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్ నాయకులు మ్యూనిక్‌లో కూర్చుని అతనికి చెకొస్లొవాకియాలోని సుడెటెన్ ప్రాంతాన్ని రాసిచ్చేశారు, ఆ దేశం వాళ్లని గదిలోకి కూడా రానివ్వకుండా. పులికి మేకని వేస్తే పులి శాకాహారి అవుతుందా అనేవారు మాస్టారు. ఆరు నెలలు తిరక్కుండానే ప్రాగ్‌లో జర్మన్ సైన్యం దిగింది. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ మనుషులు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, సెప్టెంబరు 1న హిట్లర్ పోలండ్ మీద పడ్డాడు, 3న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి. అదే రోజు మన వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడ ఒక్క నాయకుణ్ణీ అడక్కుండా ఇండియా కూడా యుద్ధంలో ఉందని చెప్పేశాడు. దాంతో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, మద్రాసులో రాజాజీ ప్రభుత్వంతో సహా.

"అయితే యుద్ధం 1939లో మొదలైందన్నమాట" అని ఫస్ట్ బెంచీ వాళ్లు రాసుకోబోతే ఆయన ఆపేసేవారు. ఎవరికి మొదలైంద్రా అనేవారు. చైనావాడికి 1937 జులైలో, మంచూరియా వాడికైతే 1931లోనే, ఇథియోపియా వాడికి 1935లో ముసోలినీ వచ్చినప్పుడు, రష్యావాడికి 1941 జూన్ 22న, అమెరికావాడికి అదే ఏడాది డిసెంబరు 7న. గైడులో ఒక్క తేదీ ఉంటుంది, మన నోటుబుక్కుల్లో ఆరు ఉండేవి. పరీక్షకి ఏది రాయాలో తెలియక మనకి టెన్షన్.

1940 కథని ఆయన సినిమాలా చెప్పేవారు. ఫ్రాన్స్ ఆరు వారాల్లో కూలిపోవడం, డన్‌కర్క్ ఒడ్డు నుంచి మూడు లక్షల ముప్పై ఎనిమిది వేల మందిని చేపల పడవలతో సహా దొరికిన ప్రతిదాంట్లో ఎక్కించి దాటించడం, తర్వాత ఆ రైలుపెట్టె. 1918లో జర్మన్లు ఓటమి కాగితం మీద సంతకం పెట్టిన పెట్టెనే హిట్లర్ మ్యూజియం గోడ పగలగొట్టించి బయటికి లాగించి, కాంపియేన్ అడవిలో అదే చోట నిలబెట్టి, అందులోనే ఫ్రెంచివాళ్ల చేత సంతకం పెట్టించాడు. ఆ తర్వాత బ్రిటన్ మీద బాంబులు వేసి లొంగదీయలేక, ముప్పై లక్షల సైన్యంతో రష్యా మీదికి వెళ్లాడు. చలికాలం బట్టలు సరిగ్గా లేకుండా మాస్కో గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. చలి ఓడించిందని అందరూ అంటారు కానీ అక్కడ ప్రాణాలిచ్చింది చలి కాదు, రష్యన్లు. మొత్తం యుద్ధంలో సోవియట్ దేశం పోగొట్టుకున్నది దాదాపు 2.7 కోట్ల మందిని.

జపాన్ సంగతి చమురు సంగతి. ఇండోచైనా దక్షిణ భాగాన్ని ఆక్రమించిందని 1941 వేసవిలో అమెరికా చమురు ఆపేసింది. జపాన్ వాడే చమురులో ఎక్కువ భాగం అమెరికాదే. చైనా వదిలి వెనక్కి రావాలి, లేదా డచ్చివాళ్ల చేతిలోని ఇండోనేషియా బావుల్ని లాక్కోవాలి. రెండోదే ఎంచుకున్నారు. దారిలో అమెరికా నౌకాదళం అడ్డు రాకూడదని దాని స్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి. అక్కణ్ణుంచి 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న బర్మా రాజధాని రంగూన్.

ఇక్కడికొచ్చేసరికి క్లాసులో గుసగుసలు ఆగిపోయేవి, ఎందుకంటే రంగూన్ అంటే రంగం. మన వైపు రంగం వెళ్లి సంపాదించుకురాని ఇల్లు ఉండేదా? కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లేవాళ్లు కాబట్టి అక్కడ తెలుగువాళ్లందర్నీ కోరంగీలనే అనేవారట, అందులో చులకన కూడా ఉండేది. రేవుల్లో మూటలు మోసింది, రైస్ మిల్లుల్లో చేసింది మనవాళ్లే. జపాన్ వస్తోందనగానే లక్షల మంది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడిచి అస్సాం, చిట్టగాంగ్ వైపు వచ్చారు. కలరాతో, మలేరియాతో దారిలోనే పోయినవాళ్లు వేలమంది. మన బ్యాచ్‌లో ఒకడి నాయనమ్మ అలా నడిచొచ్చిన మనిషే. మాస్టారు ఒకరోజు వాళ్లింటికి వెళ్లి మాట్లాడి వచ్చి, పుస్తకం మూసేసి పీరియడ్ అంతా ఆమె కథే చెప్పారు.

తర్వాత ఏప్రిల్ 6. ర్యూజో అనే నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు ఒకే రోజు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. నష్టం మరీ ఎక్కువ కాదు కానీ భయం ఎక్కువ. వైజాగ్ సగం ఖాళీ అయింది, పిల్లాజెల్లాతో బళ్లు కట్టుకుని లోపలి ఊళ్లకి పోయారు. మద్రాసులో ప్రభుత్వం ఆఫీసుల్ని దూరంగా తరలించింది, జూలో క్రూరమృగాలు తప్పించుకుంటాయేమోనని కాల్చి చంపించింది. అప్పుడు పేలని బాంబొకటి విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్తే చూడండి. బర్మా బియ్యం ఆగిపోవడం కూడా ఒక కారణమై మరుసటి ఏడాది బెంగాల్ కరువులో ముప్పై లక్షల మంది దాకా చనిపోయారు. మన పాఠంలో అది ఫలితాల్లో లేదు, మాస్టారు కలం తీసి చేర్పించారు.

పసిఫిక్‌లో మిడ్వే, రష్యాలో స్టాలిన్‌గ్రాడ్, ఈజిప్టులో ఎల్ అలమీన్, ఈ పోరాటాలన్నీ 1942లోనే మలుపు తిరిగాయి. ఆ తర్వాతది రెండు వైపుల నుంచీ బిగించుకుంటూ రావడమే. 1944 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో మిత్రదేశాల సైన్యం దిగడం, అదే నెలలో తూర్పున సోవియట్ దాడి, ఇటు ఇంఫాల్, కోహిమాల్లో జపాన్ వెనకడుగు. దారిలో ఔష్విట్జ్ లాంటి నాజీల మరణ శిబిరాలు బయటపడ్డాయి. నాజీలు చంపిన అరవై లక్షల యూదుల సంగతి చెప్పిన రోజు మాస్టారు ప్రశ్నలు అడగలేదు. 1945 ఏప్రిల్ 30న హిట్లర్ కాల్చుకున్నాడు, మే 8న జర్మనీ లొంగిపోయింది.

రెండో పేచీ జపాన్ లొంగుబాటు దగ్గర. అణుబాంబు వేశారు, లొంగిపోయారు అంటారు అందరూ. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి నిజమే. కానీ ఆ మధ్యలో 8న సోవియట్ యూనియన్ కూడా యుద్ధం ప్రకటించి మంచూరియాలోకి దిగింది. అప్పటిదాకా స్టాలిన్ మధ్యవర్తిగా ఏదో ఒకటి చేస్తాడని టోక్యో ఆశ పెట్టుకుంది. నాగసాకి వార్త వచ్చాక కూడా పెద్దల మండలి ఏ షరతుల మీద లొంగాలో తేలక చెరిసగంగా చీలింది. చివరికి చక్రవర్తి తేల్చాడు. నా లెక్కలో రష్యా దెబ్బ బాంబుకి తక్కువేమీ కాదు. ఈ విషయం మీద మన బ్యాచ్ గ్రూపులో డాక్టరు గారికీ నాకూ ఇప్పటికీ పడదు.

లొంగుబాటు ప్రకటించే చక్రవర్తి మాటల రికార్డుని ఎత్తుకుపోయి దాన్ని ఆపుదామని కొందరు ఆఫీసర్లు ముందు రాత్రి రాజభవనమంతా వెతికారు, దొరకలేదు. 15న మధ్యాహ్నం రేడియోలో వస్తే, భాష మరీ గ్రాంథికమై ఏం చెప్పాడో చాలామందికి అర్థంకాలేదు.

సంతకాలు సెప్టెంబరు 2న, టోక్యో అఖాతంలో మిస్సోరీ నౌక మీద. కెనడా ప్రతినిధి తన గీత వదిలేసి కింది గీత మీద సంతకం పెట్టాడు, దాంతో తర్వాతవాళ్లంతా ఒక్కో గీత కిందికి జరిగారు. జపాన్ వాళ్లు ఈ కాగితం ఎలా తీసుకెళ్తామని అడిగితే, అమెరికా సేనాని మెకార్థర్ కింది జనరల్ ఒకాయన అక్కడే పెన్నుతో పేర్లు కొట్టేసి దిద్ది ఇచ్చాడు. "అంత పెద్ద యుద్ధం ఆగిన కాగితంలోనే కొట్టివేతలున్నాయి, మీ ఆన్సరు పేపర్లో ఉంటే ఏమవుతుందిరా, ధైర్యంగా రాయండి" అని పంపారు మాస్టారు మనల్ని పరీక్షలకి.

ఆ ఏడాది పబ్లిక్‌లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.